మీసం తీసేసిన సంగతి

బాపుకు దండాలు. నేను బాగానే ఉన్నాను.

గచ్చిబౌలి ఉద్యోగం వదిలి యక్షగానం నేర్చుకుంటున్నానని రాశాను కదా. మా ఆఫీసు గేటు దగ్గర పదేళ్లు నాకు సలాం కొట్టిన సెక్యూరిటీ ఎల్లేశమే నా గురువు. అంతటి కళాకారుణ్ణి గేటుకు కాపలా పెట్టిన లోకం నన్ను పిచ్చోడంటోంది! మొన్న రాణి వేషమిచ్చి, "మీసంతోని రాణేంది సారూ, జనం నవ్వరా?" అన్నాడు. తీసేశాను. తండ్రి బతికుండగా మీసం తీస్తావా అని అక్క ఫోన్లో ఏడ్చింది. నీ ఆయుష్షు నా మీసంలో లేదు బాపూ, బీపీ మాత్రలో ఉంది. రోజూ వేసుకుంటున్నావా? అమ్మనడిగి వేషానికి నేతచీర ఒకటి పంపించు. నెలాఖరు ఆదివారం నార్సింగిలో ఆట. తిట్టాలనుకుంటే అక్కడికే వచ్చి తిట్టు. నువ్వు పోయాక మీసం తీసి ఏడ్చేకన్నా, నువ్వుండగా తీసి నీ ముందు ఆడాలని ఉంది.

నీ కొడుకు సదానందం