వెలుగును తాగిన గ్లాసు

స్ఫాక్స్,
అక్టోబరు 9

స్కందర్‌కు నాన్న దీవెనలు.

అందరం క్షేమమని రాయడానికి ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. ఖననం రోజు అడగడానికి నోరు రాలేదన్నావు. ఉదయం ఆలివ్ నూనెలో ముంచిన రొట్టె రెండు ముక్కలు తిన్నది. నేను భర్తనన్నది మరిచిపోయింది, బడిపంతులునన్నది మాత్రం గుర్తుంది. పదింటికి టీ ఇచ్చాను. తాగకుండా గ్లాసును కిటికీకెదురుగా ఎత్తిపట్టుకుంది.

"ఎండ తగ్గిందా మాస్టారూ?"

"లేదు బేయా."

"మరి ఇందులోంచి మసగ్గా ఉందేం? టీ తాగేసిందయ్యా వెలుగుని. పాఠాలు చెప్పీ చెప్పీ మీ బుర్ర మొద్దుబారింది!"

నవ్వాను. మధ్యాహ్నం అజాన్ వేళకు నిద్రలోనే పోయింది.

ఇక నీ రెండో ప్రశ్న. అవును, అమ్మ ప్రయోగాలు రాసుకున్న నీలం అట్ట నోటుపుస్తకం దొరికింది. పంపమన్నావు. చదివాను.

నేను చరిత్ర చెప్పినవాడిని, అమ్మలా నీలా ప్రయోగశాల మనిషిని కాను. అయినా నలభై ఏళ్ళు ఆమె పక్కన భోంచేశాను కాబట్టి ఇంతమాత్రం తెలుసు. మెదడులో అమ్మకొచ్చిన మతిమరుపు జబ్బును పెంచే ఎంజైము కత్తెర లాంటిది. పరీక్షలో అది ప్రొటీను ముక్కను తెగ్గొడితే వెలుగు వస్తుంది. మందు పనిచేస్తే కత్తెర ఆగి, వెలుగు తగ్గుతుంది. నువ్వూ అమ్మా కలిసి తయారుచేసిన పసుపుపచ్చ మందు వేస్తే తగ్గింది. ఇద్దరూ పండగ చేసుకున్నారు.

మార్చి 14న ఆమె రాసుకుంది: "ముందే తెగిన ముక్కల్లో మందు కలిపాను. అక్కడ కత్తెరే లేదు. అయినా వెలుగు తగ్గింది. మందు రంగే వెలుగును మింగుతోంది. కత్తెర ఆగలేదు. స్కందర్‌కు చెప్పాను."

పేర్లు మరిచిపోతున్నా చేతులకు పని గుర్తుంది. ఏప్రిల్ 2న మళ్ళీ అదే పరీక్ష, అప్పుడే కొత్తగా కనుక్కున్నట్టు. 20న మళ్ళీ. మేలో మళ్ళీ. ప్రతిసారీ చివరి మాట ఒకటే: స్కందర్‌కు చెప్పాను.

నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఆమె మరిచిపోయేదాకా ఆగావు. జూన్‌లో నీ పేరు పక్కన ఆమె పేరు పెట్టి వ్యాసం అచ్చు వేయించావు. వచ్చే సోమవారం నుంచి ఆ మందును ట్యూనిస్ ఆసుపత్రిలో అమ్మలాంటి ముప్పైమంది రోగులకు ఇవ్వబోతున్నారు.

నేను దాచింది కూడా చెప్పాలి. మేలో నీకు ఫోన్ చేశాను. "అమ్మ రంగు గురించి ఏదో అంటోందిరా" అన్నాను. "అమ్మ మాటలు పట్టించుకోకు నాన్నా. నిన్న నన్నే ఎవరు బాబూ అని అడిగింది" అన్నావు. నమ్మాను. నమ్మి ఆమెతో అన్నాను: "నువ్వు మరిచిపోతున్నావు బేయా. అబ్బాయి అంతా సరిచూశాడు."

"అలాగా" అని పుస్తకం మూసేసింది. ఆ తర్వాత అందులో ఒక్క అక్షరం లేదు. అబద్ధం నీది. దాన్ని ఆమె చేతికి అందించింది నేను.

పుస్తకం నీకు పంపను. రేపు ఉదయం ఈ ఉత్తరం స్టేషన్ పోస్టుడబ్బాలో వేసి, ఐదున్నర రైలుకు ట్యూనిస్ వస్తున్నాను. నీ ఇంటికి కాదు. ఆ ఆసుపత్రికి. మందు ఇవ్వబోయే డాక్టరు చేతిలో నీలం పుస్తకం పెడతాను.

ఇట్లు,
మీ అమ్మ చెప్పినా వినని
నాన్న