దామోదరం బతకాలి

12-2-2024

చిత్తూరు కోర్టులో జడ్జిగారు నన్ను నిర్దోషి అన్నారంట. నాకు సరిగ్గా వినపడలేదు. పక్కనున్న కానిస్టేబులమ్మ, ఇంటికి పో అవ్వా అంది. నిజమా అని మూడుసార్లు అడిగాను. విసుక్కుంది.

ఏడాదికి పైగా జైల్లో ఉన్నాను. పక్కింటి పంకజాక్షికి జ్వరమంటే రాగి అంబలి కాచి ఇచ్చాను. ఆ సాయంత్రమే పోయింది. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు. ఆమె మొగుడు దామోదరం మాత్రం, నాగులమ్మ అంబలిలో పురుగుమందు కలిపింది, కళ్లారా చూశాను అని పోలీసులకు చెప్పాడు. ల్యాబులో ఏ మందూ దొరకలేదు. ఆ రిపోర్టు రావడానికే అన్నాళ్లు పట్టింది.

రోడ్డు పక్కనున్న నా ఇంటిస్థలం దామోదరం అడిగాడు. ఇవ్వనన్నాను. మా మధ్య ఉన్న పగ అంతే.

13-2-2024

మా ఊరు వడమాలపేట చేరాను. ఇంట్లో ఎలుకలు పిల్లలు పెట్టాయి. ఎదురింటి భారతమ్మ చూడ్డానికి వచ్చి, మా ఇంట్లో పాలు విరిగిపోయినాయి, పొద్దున్నుంచి కాఫీ లేదక్కా అంది. కాఫీ పెట్టి ఇచ్చాను. వద్దక్కా, ఇప్పుడే తాగొచ్చినా అంది.

20-2-2024

బయటికొచ్చినావు గదమ్మా, ఇంగ కమ్మగా ఇంట్లో పడుండు అన్నాడు నా కొడుకు గిరి. వాడికి కోర్టంటే భయం. నాకూ భయమే. ఆటో ఎక్కితే బోల్తా పడుతుందని భయం, గ్యాసు పేలుతుందని భయం. కానీ పొద్దున దామోదరం గోడ మీద నుంచి నన్ను చూసి ఉమ్మేశాడు. భయం పోలేదు. దాని నెత్తిన కోపం ఎక్కి కూర్చుంది.

4-3-2024

పుత్తూరు వెళ్లి లాయరు లోహితను కలిశాను. చిన్నపిల్ల. అబద్ధపు కేసుతో జైలుపాలు చేసినవాడి మీద మనం నష్టపరిహారం దావా వేయొచ్చంది. కావాలనే, చెడ్డబుద్ధితోనే చెప్పాడని మనమే రుజువు చేయాలంట. ఎంత కావాలవ్వా అని అడిగింది. అదేదో నువ్వే రాసుకో తల్లీ, వాణ్ణి బోనెక్కించి, నేను చూడలేదు అని వాని నోటితోనే చెప్పించు, నాకు అదే కావాల అన్నాను. నాకు టీ తెప్పించింది.

19-6-2024

సమన్లు అందాయి. దామోదరం వీధిలో నిలబడి, జైలుకూడు తిని బాగా బలిసినావే ముసిల్దానా అని అరిచాడు. అవున్రా, ఆ కూట్లో కూడా నేను మందు కలపలేదు, అందరూ బతికే ఉండారు అని నేనూ అరిచాను. వీధంతా నవ్వింది. రాత్రి తలుపు గడియ మూడుసార్లు చూసుకున్నాను.

8-1-2025

మళ్లీ వాయిదా.

5-5-2025

దామోదరం బాత్‌రూములో జారిపడ్డాడు. షుగరు, కాలికి పుండు. కొడుకు మునిప్రసాద్ సూళ్లూరుపేట కంపెనీలో పనిచేస్తాడు, ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంట్లో దించి పోయాడు. ఇంక ఆదివారాలే వస్తాడంట. కడుపారా నవ్వుకున్నాను. దేవుడికి టెంకాయ కొట్టాను.

6-5-2025

లోహితకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె సంతోషించలేదు. ఆయన పోతే ఈ దావా కూడా ఆయనతోనే పోతుందవ్వా అంది.

ఆ టెంకాయ కొట్టకుండా ఉండాల్సింది.

7-5-2025, ఉదయం ఆరు

దామోదరం దగ్గు వినపడలేదు. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. కాళ్లు లాగేసరికి దగ్గాడు. హమ్మయ్య.

10-5-2025

హోటలు నుంచి పరోటాలు తెప్పించుకుంటున్నాడని భారతమ్మ చెప్పింది. షుగరోడికి పరోటాలు! మాత్రలు కూడా సరిగ్గా వేసుకోడంట. నా కేసును నమిలి మింగేస్తున్నాడు వీడు.

అంబలి కాచి, మజ్జిగ పోసి తీసుకెళ్లాను. ఏం కలిపినావు అన్నాడు. ఉప్పు అన్నాను. నువ్వు సస్తే నా కేసు పోతాదంట, బోనెక్కేదాకా నిన్ను సావనిచ్చేది లేదు, తాగు అన్నాను. చెంబు తోసేశాడు. సగం నేలపాలైంది. మిగతా సగం అతని ముందే తాగి వచ్చాను.

12-5-2025

తాగాడు. కళ్లు గట్టిగా మూసుకుని. చెంబు కింద పెట్టి, ఉప్పు తక్కువగా ఉండాది అన్నాడు. నీకు బీపీ ఉండాది గదా అన్నాను.

6-7-2025

పొద్దున అంబలి, మధ్యాహ్నం చిన్న ముద్ద సంకటి, ఆకుకూర. మాత్రలు నా కళ్లముందే మింగాలి. నాలుక ఎత్తించి చూస్తాను. పుండు ఆరుతోంది. మునిప్రసాద్ వచ్చి, మా నాయన్ను క్షమించినావు పెద్దమ్మా, నీ మనసు బంగారం అని కాళ్లకు దండం పెట్టాడు. వాయిదా రోజుకు కారు మాట్లాడు నాయనా, బస్సులో అయితే అలిసిపోతాడు అన్నాను.

22-8-2025

భారతమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. మనవరాలికి కడుపు బాగలేదంట, రవ్వంత అంబలి పొయ్యక్కా అంది. పోశాను. ఆమె పోయాక తలుపేసుకుని ఏడ్చాను.

దామోదరానికి అదీ తెలిసింది. ఊరంతా నీ సేత్తో తాగతా ఉండారు, ఇంగ ఆ కేసు దేనికి అక్కా అన్నాడు. అక్కా అన్నాడు. ఇంకో గంటె ఆకుకూర వేసి, బలంగా ఉండాల నువ్వు అన్నాను.

18-9-2025

దామోదరం బోనెక్కాడు. మెట్టు దగ్గర తూలితే నేనే చేయి పట్టుకున్నాను.

మీకు ఇన్నాళ్లూ అన్నం పెట్టింది ఎవరని లోహిత అడిగింది. నాగులమ్మ అన్నాడు. విషం కలిపిందని చెప్పిన మనిషి చేతి అన్నం ఎలా తిన్నారు అంది. వాళ్ల లాయరు లేచాడు. జడ్జిగారు కూర్చోమన్నారు. ఆమె మందు కలపడం మీరు చూశారా లేదా అని లోహిత గట్టిగా అడిగింది. దామోదరం నా వైపు చూశాడు. నేను రెప్ప వేయలేదు.

నేనేమీ సూడలేదు సామీ, ఆ జాగా కోసరం సెప్పినా అన్నాడు.

జడ్జిగారు టైపు చేయించారు. దామోదరం సంతకం పెట్టేదాకా నేను కూర్చోలేదు, ఎక్కడ పడిపోతాడోనని. తీర్పు గురించి, డబ్బు గురించి లోహిత ఏదో చెప్పింది. వినలేదు.

19-9-2025

పొద్దున్నే అంబలి కాచలేదు, నాకు కాఫీ ఒక్కటే పెట్టుకున్నాను. గోడ అవతల దామోదరం గిన్నె మీద గంటెతో కొడుతున్నాడు. అక్కా, అక్కా అంటున్నాడు.

ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాను.