ఫ్యాన్ అంటే గంజి

లచ్చుమమ్మా,

ఆ దినం అందరి ముందట నువ్వు నన్ను చూసి నవ్వితివి. ఇన్నేండ్లయినా నేను మరువలే. యుద్ధానికి ఇండ్లు ఇడిసి వచ్చిన బెంగాలోళ్ళు అప్పుడే కాల్వ పక్క కాంపుల దిగిండ్రు. బేదులైన పిల్లను ఒళ్ళె ఏసుకొని ఒక తల్లి "ఫ్యాన్, ఫ్యాన్" అని ఏడుస్తుంది. "మా ఇంట్లనే కరెంటు లేదు, ఈమెకు ఫ్యాన్ గావాల్నంట!" అన్న. నువ్వు పక్కున నవ్వి, "ఓ పెద్దమనిషీ, ఆమె చెయ్యి సూడు, అన్నం వార్చినట్ల జూపిస్తుంది. అడిగేది గంజి" అంటివి. బర్రెకని పెట్టిన గంజిల ఉప్పేసి తాపితివి. పిల్ల బతికింది.

నిన్న ఆ తల్లే మన గడపకు వచ్చింది. కాంపుల మళ్ళ బేదులు పట్టినయంట. మాన్వి నుంచి వచ్చిన డాక్టరమ్మ పిల్లలను గుడారంల నేల మీదనే పండవెట్టిందంట, మంచాలు లేవు. నా మంచం ఇచ్చిన. రాత్రి నేల మీద పండితే నడుము పట్టుకుంది, అది వేరే సంగతి.

నీ మంచం గోడకు నిలవెట్టి ఉంది. నువ్వు సచ్చిపోయిన కాడికెల్లి దాని మీద ఎవరినీ కూసోనియ్యలే. ఆమె దాన్ని జూపి, "తాతా, అది గూడ ఇస్తవా?" అన్నది.

"అది నాది గాదు, అడిగి చెప్త" అన్న. ఆమె నవ్వలే.

సోమవారం డాక్టరమ్మ బండి పంపుతది. ఇయ్యాల్నా వద్దా, ఆలోపల జవాబు చెప్పు. నవ్వినా చాలు.