చక్రాల గదిలో పొయ్యి

2003 మే 9, శుక్రవారం

మాట నాది, రాత మనవరాలిది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను.

రోడ్డు పనివాళ్లు అమ్మేసిన చక్రాల రేకు గదిని కొని నా జీడితోటలో పెట్టించుకున్నాను. ఇంట్లో గోల ఎక్కువైతే నాలుగు రోజులు అక్కడుంటాను. తోట నాది, మొక్కలు నా చేత్తో నాటినవి. ఇన్నాళ్లూ నా కొడుకు అప్పన్న ఏమీ అనలేదు. నిన్న అందులో పొయ్యి పెట్టుకున్నాను. ఈ పొద్దున్న ట్రాక్టరు తెచ్చి, గదిని లాక్కుపోతానన్నాడు.

"పొయ్యి ఎట్టీసినావేటే అమ్మా? నేను నిన్ను ఏరెట్టీసినానని ఊరంతా అనుకుంతన్నారు."

"సక్రాలున్నదాన్ని ఇల్లంతార్రా ఎవులైనా?"

"గది కాదే, పొయ్యి!"

నిజమే, పొయ్యి వేరైతే కాపురం వేరైనట్టే. నాకా సంగతి తట్టలేదు. వాడి ముందు మాత్రం ఒప్పుకోలేదు.

"అయితే పొయ్యి అట్టుకుపో. గది ముట్టుకున్నావో, సూడు. రోజూ కూడు నువ్వే మోసుకురావాల."

పొయ్యి ఒక్కటే ట్రాక్టరులో వేసుకుని పోయాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చాడు. నాకు వడ్డించి తనూ తిన్నాడు. "ఇక్కడ సల్లగా ఉందే," అని నా మంచం మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడు. నేను బయట జీడిచెట్టు కింద కూర్చున్నాను.

రేపు కోడలినీ తీసుకొస్తాడట.