సగం ఎత్తిన షట్టర్

ఒరేయ్ వెల్డింగూ, ఎలా ఉన్నావురా? నీ మెసేజ్‌కి నెల తర్వాత జవాబిస్తున్నాను, తిట్టుకోకు.

మన బిల్డింగ్ మీది ప్రకటన బోర్డు ఊడిపడి నా కాలు విరిగిన కేసులో బిల్డింగ్ ఓనరు, బోర్డు కంపెనీతో పాటు దాన్ని బిగించిన నీ పేరూ పెట్టించానని కదా నీ కోపం? నిన్ను వదిలేయమని లాయర్ని బతిమాలాను. వదిలేస్తే మిగతా ఇద్దరూ తప్పంతా నీ మీదకి నెట్టి చేతులు దులుపుకుంటారు, నాకు పైసా రాదన్నాడు. ఆపరేషన్ ముందుంది, సంతకం పెట్టేశాను. కోర్టు నోటీసు రాకముందే నీకు చెప్పకపోవడం మాత్రం నా తప్పే.

కేసు తేలేలోపు వైద్యానికని కోర్టు నిన్న నాకు కొంత డబ్బు ఇమ్మంది. అది ఓనరు ఇన్సూరెన్సు వాళ్లే కట్టాలి, నీ జేబు మీద పడలేదు. రేపు తీర్పులో నీ వాటా అంటూ ఏదైనా పడితే కూర్చుని మాట్లాడుకుందాం.

నువ్వు పక్కనున్న నీ వెల్డింగ్ షాపు ఖాళీ చేసి వెళ్లాక, ఇద్దరం చెరో చివర పట్టుకుని ఎత్తే నా షట్టర్ నడుం దాకే లేస్తోంది. గుండీలు కొనడానికి వచ్చేవాళ్లు వంగి లోపలికొస్తుంటే అందరూ నాకు దండం పెడుతున్నట్టుంది. ఈ జోకు విని నవ్వడానికి నువ్వు లేవు. ఎప్పుడొస్తావురా?