కాగితంపూల తీగ మీద కత్తెర

అక్కా,

నువ్వు పంపిన పురుగుమందు మూత కూడా తీయలేదు, కోప్పడకు. మా కాగితంపూల తీగ ఆకుల అంచుల్లో ఆ గుండ్రటి కోతలు చూస్తే నాకు పురుగు పనిలా అనిపించలేదు. కత్తెర పనేనని మామయ్యగారి మీద విరుచుకుపడ్డాను. టైలరు పని మానేసినా ఆయన చెయ్యి ఊరుకోదు కదా! కత్తెర తీసి బీరువాలో పెట్టేశాను. ఆయన అలిగి, నాతో మాటలు మానేసి, తీగ పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

నిన్న పొద్దున్న ఒకటే కేక. "అమ్మాయ్, నీ దొంగ దొరికింది, రా!"

తేనెటీగలాంటిదొకటి ఆకు అంచున వాలి, చూస్తుండగానే గుండ్రంగా ముక్క కోసి, చుట్టి పట్టుకుని ఎగిరిపోయింది. "ఎక్కడైనా వంకరుందా, చూడు!" అని మామయ్యగారు ఒకటే మురిసిపోయారు. ఆ ముక్కలతో అది మా వీధి తలుపు తాళం కన్నంలో గుడ్లు పెట్టడానికి గూడు కట్టుకుంటోంది!

నవ్వు ఆపుకోలేక కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వెంటనే ఓ అట్టముక్క కత్తిరించి, రాసి, తలుపుకి తగిలించారు: "లోపల కాపురం ఉంటున్నారు. తాళంచెవి పెట్టరాదు."

ఆదివారం నువ్వు పెరటి గుమ్మం నుంచి రా. బాలింత ఉన్న ఇల్లు, గట్టిగా పిలవకు.

నీ చెల్లి