రబాలు సొరంగం

తాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఇరవై ఏండ్లు. ఇంటికాడుంటే నీ ఫోటోకు దండ ఏసేటోన్ని. ఇక్కడ గీ నాలుగు ముక్కలు రాస్తున్న.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల నేర్చిన మిషిన్ పని మీదనే గీ సముద్రం నడిమి దీవికి వచ్చిన. ఊరి పేరు రబౌల్. నువ్వు ‘రబాలు’ అనేటోనివి. ఫౌజుల పోయి, లడాయిల జపానోళ్లకు చిక్కి ఇక్కడ సొరంగాలు తవ్విన్నని, సుల్తానాబాద్ చాయ్ హోటల్ల నువ్వు చెప్తుంటే అందరు నమ్మక నవ్వేటోళ్లు. నేను గూడ నవ్విన. "చాలు తియ్యి బాపు, ఇజ్జత్ పోతున్నది" అని మా బాపు నిన్ను చెయ్యి పట్టి ఇంటికి తీస్కపోయేటోడు.

నిన్న ఆదివారం గా సొరంగాలు చూసొచ్చిన. తుప్పు వట్టిన ఫిరంగుల మీద తీగెలు పారినయి. సొరంగం గోడకు గడ్డపార గాట్లు ఇంకా గట్లనే ఉన్నయి. "గిది తవ్వినోళ్లల్ల మీ దేశపోళ్లు గూడ ఉండిరి" అన్నడు అక్కడి ముసలాయన.

బాపుకు వీడియో కాల్ చేసి గా గాట్లు చూపెట్టిన.  కాల్ నడుస్తుండంగనే చెప్పులు గూడ ఏస్కోకుంట బజార్లకు ఉరికిండు. కనవడ్డోళ్లనందర్ని ఆపి, ముంగట ఫోన్ పెట్టి ఒర్రిండు:

"చూడుండ్రి, మా బాపు తవ్విన సొరంగం!"